రాలిన ఆకు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కర్నూల్లో అంతదాకా కూడా ఆగదు. మాఘం సగం దాటేసరికే మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున మాత్రం ఇంకా స్వెట్టర్ వేసుకోవాలి. మా ఊళ్లో చెట్ల కింద తిరగడానికి ఈ కొన్ని వారాలే మంచివి. ఈరోజు ఆదివారం. పొద్దున్నే బండి తీసి నందికొట్కూరు రోడ్డు పట్టుకొని గార్గేయపురం నగరవనానికి వెళ్లాను.

లోపలికి అడుగు పెట్టగానే చెప్పుల కింద ఆకులు కరకరమన్నాయి. పక్కన చెరువు, దాని మీంచి వచ్చే చల్లగాలి. వేపచెట్లు సగం పసుపు, సగం ఖాళీ. కానుగలదీ అదే తీరు. ఏడాదికి మామూలుగా 700 మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల ఇది. ఎండాకాలం ముంచుకొచ్చేలోపు చెట్టు తన ఖర్చు తగ్గించుకోవాలి. ఆకు ఉన్నంతకాలం దాని గుండా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి ఆకునే వదిలేస్తుంది. వదిలే ముందు అందులోని నత్రజనిలో చాలా భాగాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఆకు పసుపెక్కేది అప్పుడే. తర్వాత కాడ మొదట్లో ఒక పలుచని పొర ఏర్పడుతుంది, చిన్న గాలికే ఆకు ఊడిపోతుంది. ఉగాది నాటికి అదే వేప లేత చిగుళ్లతో, పూతతో నిలబడుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా నాకు ఇది ప్రతిసారీ ఆశ్చర్యమే.

అక్కడ చాలాసేపు కూర్చున్నాను. పిట్టలు ఆకుల్ని ముక్కుతో తిరగేస్తూ పురుగులు ఏరుకుంటున్నాయి. ఒకచోట కాలితో ఆకులు పక్కకు జరిపి మట్టి ముట్టుకుంటే చల్లగా ఉంది. రెండడుగుల అవతల, ఏమీ కప్పని చోట, మట్టి అప్పటికే పొడిపొడిగా ఉంది.

తిరిగి వస్తూ ఊళ్లో ఒక పార్కు దగ్గర ఆగాను. గోడ అవతలి నుంచి పొగ. ఊడ్చిన ఆకంతా ఒక మూలకు చేర్చి నిప్పు పెట్టారు. ఆ పొగలోనే పెద్దవాళ్లు వాకింగ్ చేస్తున్నారు, ఒకాయన దగ్గుతూ బెంచీ మీద కూలబడ్డాడు. నాకు కడుపు మండింది. ఊడ్చే ఆమెను అడిగితే, "ఏం చేయాల అన్నా, బండి రాదు. ఊడ్చకపోతేనేమో మాటలు పడాల" అంది. తప్పు ఆమెది కాదు. ఆకును చెత్త లెక్కన చూసే పద్ధతిది. బయట చెత్త కాల్చకూడదని, తోటల చెత్తను విడిగా ఉంచాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ఎండిన ఆకుతో నిప్పు భయం ఉన్నమాట నిజమే, అడవుల్లో వేసవికి ముందు ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా ఆకు తీసేసిన ఖాళీ బాటలు, తీసేది అందుకే. కానీ పార్కులో దానికి మందు నిప్పు పెట్టడం కాదు కదా! ఇంకా అంటుకోని కుప్పలోంచి రెండు బస్తాలు నింపుకుంటానంటే ఆమే సంచి నోరు పట్టుకుంది.

ఆ బస్తాలు నేరుగా పెద్దమ్మ మిద్దెతోటకు చేరాయి. చిక్కుడు పాదు చివరి కాపులో ఉంది, కొసలకు పేనుబంక పట్టింది. పెద్దమ్మ వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొడుతోంది. టమాటా, గోంగూర, చుక్కకూర బాగున్నాయి. బస్తాలు చూడగానే, "యాడ దొరికింది రా ఇంత ఆకు!" అని సంబరపడిపోయింది.

సగం ఆకు కుండీల్లో, సంచుల్లో మొక్కల మొదళ్ల చుట్టూ రెండు వేళ్ల మందాన పరిచాం, కాండానికి తగలకుండా. మిద్దె మీద కాంక్రీటు వేడికి కుండీ మట్టి త్వరగా ఎండిపోతుంది, పైన ఆకు కప్పితే తడి నిలుస్తుంది. మిగతా సగాన్ని చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో వేశాం. ఎండుటాకు ఒక్కటే అయితే మాగడానికి నెలలు పడుతుంది, అందులో నత్రజని తక్కువ. అందుకే ఒక వరుస ఆకు, ఒక వరుస కూరగాయల తొక్కలు, పైన పేడనీళ్లు. "తడి ఎక్కువైతే కంపు కొడుతుంది, పిడికిట పట్టి పిండితే నీళ్లు కారకూడదు" అని పిండి చూపించింది పెద్దమ్మ.

రాత్రి కూర్చుని మున్సిపల్ కమిషనర్ గారికి వినతిపత్రం రాశాను. ప్రతి పార్కులో ఒక మూల ఆకు గుంత తవ్వించాలి, మాగిన ఎరువును అక్కడి మొక్కలకే వేయాలి, మిగిలిన ఎండుటాకును మిద్దెతోటల వాళ్లు అడిగితే ఇవ్వాలి. పెద్దమ్మ మొదటి సంతకం పెట్టింది. వాళ్ల వీధిలో మిద్దెతోటలున్న వాళ్ల చేత తనే పెట్టిస్తానంటోంది. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వాలి.