బార్త్ శిష్యులు బార్త్‌తో విభేదించిన చోట

1914 అక్టోబరులో జర్మనీ మేధావులు 93 మంది తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన విడుదల చేశారు. స్విట్జర్లాండ్‌లోని సాఫెన్‌విల్‌లో సంఘ కాపరిగా ఉన్న వేదాంతి కార్ల్ బార్త్‌కు ఆ సంతకాల్లో తన గురువులు హార్నాక్, హెర్మన్‌ల పేర్లు కనిపించాయి. మనిషి మతానుభవంలోనూ సంస్కృతిలోనూ దేవుణ్ణి వెదికే ఆ గురువుల ఉదారవాద వేదాంతం, ఫిరంగులు మోగగానే దేశాభిమానాన్నే దైవచిత్తంగా చూపగలిగిందంటే, లోపం పునాదిలోనే ఉందని ఆయన గ్రహించారు. 1919లో వెలువరించి, 1922 నాటికి దాదాపు పూర్తిగా తిరిగి రాసిన రోమా పత్రిక (బైబిల్లో పౌలు రోమా క్రైస్తవులకు రాసిన లేఖ) వ్యాఖ్యానంలో ఆయన పట్టుపట్టిన మాట ఒక్కటే: దేవుడు దేవుడే, మనిషి ఎత్తుకున్న ఏ జెండాకూ ఆయన తోడుకాడు. ఈ వేదాంతానికి ఇతరులు పెట్టిన నియో ఆర్థడాక్స్ (కొత్త సనాతనవాదం) అన్న పేరు మాత్రం బార్త్‌కు నచ్చలేదు. అది పాత సిద్ధాంతాలకు తిరిగి వెళ్లడం కాదు కనుక ఆయన అయిష్టం న్యాయమైనదే.

1934 మేలో జర్మనీలో హిట్లర్ ప్రభుత్వానికి అనుకూలమైన క్రైస్తవ వర్గాన్ని ఎదిరిస్తూ వెలువడిన బార్మెన్ ప్రకటనను ప్రధానంగా రాసినది బార్తే. లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసుక్రీస్తు తప్ప మరే సంఘటననూ, అధికారాన్నీ, వ్యక్తినీ దేవుని ప్రత్యక్షతగా, అంటే దేవుడు తన్ను తాను వెల్లడి చేసుకోవడంగా, సంఘం ఒప్పుకోకూడదని దాని మొదటి అంశం చెబుతుంది. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ధైర్యం కలుగుతుంది. అయితే యూదుల హింస గురించి ఆ ప్రకటన ఒక్క మాటా అనలేదు. ఆ మౌనంలో తన తప్పు ఉందని బార్త్ 1967లో ఒప్పుకున్నారు.

బార్త్ ప్రభావాన్ని అనుకరణలో వెదికితే దొరకదని నేను నమ్ముతాను. ఆయనకు ఎంతో రుణపడిన జర్మన్ వేదాంతి బోన్‌హోఫర్, 1944లో చెరసాల నుంచి రాసిన ఉత్తరాల్లో, బార్త్ ప్రత్యక్షతను ప్రశ్నకు తావివ్వకుండా మొత్తంగా మింగమంటున్నారని విమర్శించాడు. 1965లో బార్త్ మీద డాక్టరేట్ పూర్తిచేసిన అమెరికా నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ మరో దారి పట్టాడు. క్రీస్తే ఆరంభమన్న సూత్రాన్ని బార్త్ నుంచి తీసుకుని, ఆ క్రీస్తు ఈ రోజు ఎవరి పక్షాన నిలబడ్డాడని 1969లో తన తొలి పుస్తకంలో నిలదీశాడు. అణచివేతకు గురైన నల్లజాతివారి పక్షాన అన్నది ఆయన జవాబు.