కొట్టు అరలు మారితే

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని ఒక ఆదివాసీ ఊరి దుకాణాన్ని దగ్గరగా చూసిన తరువాత, పిల్లల ఊబకాయానికి తల్లుల అశ్రద్ధే కారణమనే మాట వినడం నాకు మరింత కష్టమైంది. ఆ దేశపు ఆదివాసీ పిల్లల్లో మూడో వంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు, నిజమే. కానీ వానాకాలంలో దారులు మునిగి సరుకంతా పడవ మీదో విమానంలోనో రావలసిన చోట, కాయగూరల ధర నగరంలోకన్నా ఎంతో ఎక్కువ. శీతల పానీయం మాత్రం చెడిపోదు, దొరకని రోజూ ఉండదు. వేట, దుంపలు, చేపలతో బతికిన జనానికి పిండి, పంచదార, తేయాకు రేషనుగా పంచి అలవాటు చేసిన చరిత్రను కూడా మరవకూడదు.

2018లో ఇలాంటి 20 మారుమూల దుకాణాలతో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వాటిలో సగం చోట్ల 12 వారాల పాటు తీపి సరుకుల తగ్గింపు ధరలు ఆపి, వాటిని గల్లాపెట్టె దగ్గర నుంచి తీసేసి, పెద్ద కూల్‌డ్రింక్ సీసాలను ఫ్రిజ్‌ల నుంచి తప్పించారు. అమ్ముడైన ఆహారంలో చక్కెర 2.8 శాతం తగ్గింది, లాభాలు దెబ్బతినలేదు. అంకె చిన్నదే, అయినా ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా సాధించినది కనుక నాకు నచ్చింది. ఇక వంట సంగతి వేరు: ఇరుకైన ఇంట్లో పొయ్యి పాడైతే బాగుచేసే మనిషి ఎంతో దూరం నుంచి రావాలి, ఆ లోపు తల్లి ఏం వండగలదో సలహాలిచ్చేవారే చెప్పాలి.