ఇల్లు ఎప్పుడు వదలాలి: మూసీ పక్కన మా కుటుంబం నేర్చుకున్న లెక్క

మా ఇల్లు హైదరాబాదులో, మూసీ మీది మూసారాంబాగ్ వంతెనకు అంబర్‌పేట వైపున, నదికి రెండు వీధుల ఇవతల, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, నా భార్య, మా అమ్మాయి, మొత్తం ఐదుగురం. నాన్నకు 2018లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట కూడా ఒకటి రెండు పదాలకు మించి రాదు. షుగర్ ఉన్నందువల్ల రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి. ఇది ముందే చెప్పడానికి కారణముంది. వరద వస్తుందని తెలిసినప్పుడు ఇల్లు వదలాలా, ఉండాలా అని మేము తీసుకున్న ప్రతి నిర్ణయమూ చివరికి నాన్న మంచం దగ్గరికే వచ్చి ఆగింది.

2020 అక్టోబరు 13, మంగళవారం ఉదయం, బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిందని వార్తల్లో చెప్పారు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దాన్ని తుపాను అంటారు, అప్పుడే దానికి పేరు పెడతారు. ఇది ఆ మెట్టు ఎక్కలేదు కాబట్టి దీనికి పేరు లేదు. పేరు లేనిదానికి మేమూ భయపడలేదు. కాకినాడ ఎక్కడ, హైదరాబాదు ఎక్కడ అనుకున్నాను. తీరం దాటిన వాయుగుండం గాలిని పోగొట్టుకున్నా మోసుకొచ్చిన నీటిని పోగొట్టుకోదనీ, తెలంగాణ మీదుగా పడమటికి కదులుతూ ఆ నీటినంతా దారి పొడవునా కుమ్మరిస్తుందనీ నాకు అప్పటికి తెలియదు. ఆ రాత్రి గడిచేసరికి నగరంలో దాదాపు 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది.

సాయంత్రానికే మోరీలు పొంగి వీధిలో నీరు నిలిచింది. మలక్‌పేటలో ఉన్న చిన్నాయన ఫోన్ చేసి, అన్నను తీసుకొని వచ్చేయండి అన్నాడు. అది కరోనా కాలం. చిన్నమ్మకు ఉబ్బసం ఉంది. అయిదుగురం వెళ్లి వాళ్ల రెండు గదుల్లో పడుకుంటే ఎవరి నుంచి ఎవరికి ఏం అంటుకుంటుందోనని నా భార్య సందేహించింది, ఆమె సందేహం సరైనదే. నేను వర్షం తగ్గాక చూద్దాం అన్నాను. రాత్రి పదిన్నరకు వంతెన మీద రాకపోకలు ఆపేశారని పక్కింటివాళ్లు చెప్పారు. చిన్నాయన ఇల్లు వంతెనకు అవతల ఉంది, అంటే ఆ దారి మాకు అప్పటికే మూసుకుపోయింది. అయినా అర్ధరాత్రి దాటాక మా వీధి మీద వాన సన్నబడింది. గండం గడిచిందనుకొని పడుకున్నాను. జరిగిన పొరపాట్లన్నిటిలోనూ పెద్దది అదే.

మూసీ మా వీధి మీద పడిన వానతో నిండే నది కాదు. అనంతగిరి గుట్టల్లో పుట్టి గండిపేట జలాశయానికి చేరుతుంది. ఈసీ నది హిమాయత్‌సాగర్ జలాశయానికి చేరుతుంది. ఆ రెంటి నుంచి వదిలిన నీళ్లు బాపూఘాట్ దగ్గర కలిసి, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ దాటి మా దాకా వస్తాయి. ఆ రాత్రి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. గేటు ఎత్తిన నీరు మా దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో మా నెత్తిమీద చుక్క వాన లేకపోవచ్చు. నేను ఆకాశం చూసి పడుకున్నాను, చూడవలసింది అక్కడ కాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ లేపింది. నీరు గుమ్మం నుంచి రాలేదు. గుమ్మానికి అడ్డంగా పెట్టిన చెక్కా గోనెసంచులూ పొడిగానే ఉన్నాయి. బాత్రూం మోరీ రంధ్రంలోంచి నల్లటి నీరు బుడగలు కక్కుతూ ఎగదన్ని, వంటింట్లోకి, అక్కడి నుంచి నాన్న మంచం కిందికి పారుతున్నది. పావుగంటలో చీలమండలు మునిగాయి. ఆ తరువాత గుమ్మమూ ఆగలేదు. పై అంతస్తులో అద్దెకు ఉండే కుర్రాడు, అతని స్నేహితులు ఇద్దరు దిగి వచ్చారు. "అన్నా, మంచం లేవదు, కుర్చీల కూసోబెట్టి లేపుదాం" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో నాన్నను చీరతో కట్టి, నలుగురం నాలుగు కాళ్లు పట్టుకొని, కరెంటు లేని చీకట్లో, మోకాలి లోతు నీటిలో మెట్ల దాకా తీసుకెళ్లాము. మెట్ల మలుపులో కుర్చీ ఇరుక్కుపోయింది. కుర్చీని వదిలేసి ఆయన్ను భుజాల మీద ఎక్కించుకున్నాము. పైకి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నాన్న మంచి చేత్తో నా చొక్కా కాలర్ పట్టుకొనే ఉన్నాడు.

పైకి చేరాక గానీ ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లో ఉండిపోయిందని గుర్తు రాలేదు. తెల్లవారాక దిగాను. నడుము దాకా నీరు, ఫ్రిజ్ ఒక పక్కకు ఒరిగి తేలుతున్నది. ఖాళీ గ్యాస్ సిలిండర్ నీటి మీద తిరుగుతూ గోడకు కొట్టుకుంటున్నది. మెయిన్ స్విచ్ ఆపలేదన్న సంగతి నీటిలో సగం దూరం వెళ్లాక తట్టింది. వీధికంతా కరెంటు తీసేసి ఉండడం వల్ల బతికాను. ఇన్సులిన్ సీసా దొరికింది, సిరంజీలు దొరకలేదు. ఆ పూట నాన్నకు మందు పడలేదు. మర్నాడు మధ్యాహ్నం పడవలో వచ్చిన సహాయ సిబ్బంది తెచ్చిచ్చేదాకా సిరంజీ లేదు. మేడ ఎక్కితే మునిగిపోమన్నది నిజమే కానీ, నీరు తీసేదాకా ఆ మేడ మీదే చిక్కుకుపోతామన్నదీ అంతే నిజం. మందు, తాగునీరు, మరుగుదొడ్డి లేని మేడ జబ్బు మనిషికి ఆశ్రయం కాదు.

బురద ఎత్తడానికి తొమ్మిది రోజులు పట్టింది. సంపులోకి మురుగు చేరడంతో నీరంతా తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగాము. నా డిగ్రీ సర్టిఫికెట్లు, అమ్మ పెళ్లి ఫోటోలు ముద్దయ్యాయి.

ఆ నెలాఖరున నేనూ నా భార్యా కూర్చొని రాసుకున్న మొదటి మాట ఇది: మన ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా కదిలే మనిషికి ఎంత సమయం కావాలో, మన దగ్గర ఉన్న సమయం అంతే. మేము నలుగురం పది నిమిషాల్లో బయటపడగలం. ఆ పది నిమిషాల నమ్మకమే మమ్మల్ని ఆ రాత్రి కూర్చోబెట్టింది. అందుకని ఒక ఆదివారం పగటిపూట గడియారం పెట్టుకొని నాన్నను నిజంగానే కదిలించి చూశాము. డైపరు మార్చి, బట్టలు వేసి, చక్రాల కుర్చీలోకి ఎక్కించి, వీధి చివర ఆటోలో కూర్చోబెట్టేసరికి యాభై అయిదు నిమిషాలైంది. అది వాన లేని, వెలుతురున్న, కరెంటున్న రోజు. వాన రోజుకు దాన్ని రెట్టింపు చేసుకున్నాము. ఆటో దొరకడానికి ఇంకో గంట కలుపుకున్నాము. మొత్తం దాదాపు మూడు గంటలు. నీరు వీధిలోకి రావడానికి మూడు గంటల ముందే నిర్ణయం అయిపోవాలంటే నీటిని చూసి నిర్ణయించుకోవడం కుదరదు.

దేన్ని చూడాలన్నది తరువాతి ప్రశ్న. గండిపేట పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. వానాకాలంలో ఈ జలాశయాల మట్టం, వచ్చే నీరు, వదిలే నీరు దినపత్రికల్లో వస్తూనే ఉంటాయి. నేను అదివరకెన్నడూ చదవలేదు. ఈ రెండు జలాశయాలూ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత, మళ్లీ అంత ప్రళయం రాకూడదని కట్టినవి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నిండనంత కాలం మమ్మల్ని కాపాడతాయి. నిండాక పైనుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే కిందికి వదలవలసి వస్తుంది. కాబట్టి అవి నిండుగా ఉన్నప్పుడు కురిసే వానా, ఖాళీగా ఉన్నప్పుడు కురిసే అంతే వానా మాకు ఒకటి కావు. వానాకాలం మొదట్లో కన్నా సెప్టెంబరు, అక్టోబరుల్లో మేము ఎక్కువ జాగ్రత్తగా ఉండేది అందుకే.

దీన్నిబట్టి వంటింటి క్యాలెండరు మీద ఒక నియమం రాసి అంటించాము. జలాశయాల నీరు పూర్తి మట్టానికి రెండడుగుల లోపు ఉండి, వాతావరణ శాఖ మాకుగానీ మూసీ పుట్టే వికారాబాద్ వైపుగానీ ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే, ముందే సర్దిపెట్టుకున్న సంచి గుమ్మం దగ్గరికి రావాలి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమనే అర్థం. గేట్లు ఒకదాని తరువాత ఒకటి ఎత్తుతున్నారని పగటిపూట తెలిస్తే, మా వీధిలో ఎండ కాస్తున్నా సరే బయలుదేరాలి. చీకటి పడ్డాక తెలిస్తే మాత్రం వీధిలోకి దిగకూడదు, వెంటనే సామానుతో సహా మేడ ఎక్కాలి. నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో రాత్రిపూట ఎవరూ చెప్పలేరు. చీకటి గురించిన ఈ మాట నా భార్య పట్టుబట్టి రాయించింది.

సంచిలో పెద్దగా ఏమీ లేదు. పది రోజుల మందులు, సిరంజీలు, డైపర్లు, టార్చి, కొంత నగదు, నాన్న ప్రిస్క్రిప్షన్ కాపీ. వాడుతున్న ఇన్సులిన్ సీసా మితిమీరిన వేడి తగలకుండా చూసుకుంటే నాలుగు వారాల దాకా ఫ్రిజ్ లేకున్నా పనిచేస్తుందని డాక్టరు చెప్పడంతో ఆ భయం తీరింది. కాగితాలన్నీ జిప్ కవర్లలో సజ్జ మీదికి చేరాయి. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపడం, రెగ్యులేటరు తీసి సిలిండర్‌ను కిటికీ ఊచకు గొలుసుతో కట్టడం, సంపు మూత బిగించడం, బాత్రూం మోరీ మీద ప్లాస్టిక్ పరిచి ఇసుక మూట పెట్టడం అమ్మాయి పని. ఆమె పదో తరగతి నుంచీ చేస్తున్నది. ఇక వెళ్లే చోటు మార్చుకున్నాము. చిన్నాయన ఇల్లు దగ్గరే అయినా అది నది దాటాలి, నదికి నీరు రాగానే ముందు మూసేది వంతెననే. తార్నాకలో అక్క ఇల్లు దూరమే కానీ విద్యానగర్ మీదుగా వెళ్తే మూసీ దాటే పని లేదు.

2022 జులైలో గేట్లు ఎత్తారు, నియమం ప్రకారం బయలుదేరాము. వంతెన మునిగింది కానీ నీరు మా వీధికి రాలేదు. నాన్నకు మంచం మారి నిద్ర పట్టలేదు, వీపు మీద పుండు రేగింది. తిరిగి వచ్చాక అమ్మ, "అన్నిసార్లు గిట్ల మోసుకొని తిరుగుతే మనిషి ఆగం కాడా బిడ్డా" అని ఏడ్చింది. ఆమెకు జవాబు చెప్పడం నాకు చాలా కష్టమైంది. పుండు నిజం, రాని వరద కనబడదు. నియమం తీసేద్దామా అని రెండు రోజులు ఆలోచించాము. చివరికి తీయలేదు, గాలి పరుపు ఒకటి కొని అక్క ఇంట్లో ఉంచాము. తప్పు వెళ్లడంలో లేదు, వెళ్లినచోట నాన్నకు కావలసినది లేకపోవడంలో ఉంది.

2025 సెప్టెంబరు 26, శుక్రవారం, బతుకమ్మ రోజులు, అమ్మాయికి దసరా సెలవులు. పైన వానలు గట్టిగా పడి రెండు జలాశయాల గేట్లూ ఎత్తుతున్నారని తెలిసింది. ఈసారి అమ్మే ముందు క్యాలెండరు వైపు చూసింది. రెండు గంటలకు నాన్నకు బట్టలు మార్చడం మొదలుపెట్టి, నాలుగుంబావుకు ఆటోలో ఉన్నాము. దారి పొడవునా ఆటో కిటికీలోంచి పూలు తెచ్చుకుంటున్న ఆడవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. నేను అనవసరంగా కంగారుపడుతున్నానేమోనని విద్యానగర్ దాకా అనిపిస్తూనే ఉంది. ఆ రాత్రి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ చేరి ప్రయాణికులు చిక్కుకుపోయారు, చాదర్‌ఘాట్ వద్ద ఇళ్లు మునిగాయి. మా ఇంట్లోకి జానెడు నీరు వచ్చింది. మోరీ మీది ఇసుక మూట దాన్ని ఆపలేదు, ఆలస్యం చేసింది. నాన్న మాత్రం గాలి పరుపు మీద పడుకొని ఎనిమిదింటికి మందు వేయించుకున్నాడు.

ఒక నెల తరువాత, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను కాకినాడ, మచిలీపట్నాల మధ్య తీరం దాటింది. దానికి పేరుంది, రెండు రోజులుగా టీవీలంతా అదే మాట. ఊళ్ల నుంచి చుట్టాలు ఫోన్ చేసి, నాన్నను తీసుకొని వెళ్లిపోయారా అని అడిగారు. సంచి గుమ్మం దగ్గర పెట్టి, గంటగంటకూ జలాశయాల వార్త చూశాను. మర్నాడు ఆ వాన వరంగల్, హనుమకొండల మీద పడి అక్కడి వీధులను ముంచింది. మూసీ మాత్రం మా వైపు రాలేదు. చీకటి పడుతుండగా నాన్న మంచి చేత్తో గుమ్మం వైపు చూపించి "సంచి" అన్నాడు. "ఇయ్యాల అక్కర్లేదు నాన్నా, ఇంట్లనే ఉందాం" అన్నాను. ఆయన చెయ్యి దుప్పటిలోకి తీసుకున్నాడు. సంచి నవంబరు నెలాఖరు దాకా అక్కడే ఉంచాము.