ఆర్-ప్రాసెస్ దారిని ఎక్సెల్‌లో లెక్కగట్టడం: గుంటూరు నుంచి నా అనుభవం

బంగారం, ప్లాటినం, యురేనియం పుట్టేది ఆర్-ప్రాసెస్‌లో. ఇందులో పరమాణు కేంద్రకం బీటా క్షయం చెందేలోపే (అంటే దానిలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేలోపే) వరసబెట్టి న్యూట్రాన్లను మింగేస్తుంది. అలా ఒక ఐసోటోపు నుంచి మరోదానికి సాగే దారి ఎక్కడ ఆగుతుందో చూడటానికి యాక్సిలరేటర్ (కణాలను వేగంగా తోసే యంత్రం) అక్కర్లేదు. గుంటూరులో ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్టు కోసం నేను మామూలు కంప్యూటర్‌లో, ఎక్సెల్‌లోనే చేయించాను. కావలసిందల్లా ఏఎంఈ2020 అనే పరమాణు ద్రవ్యరాశుల పట్టిక, అది ఉచితంగా దొరుకుతుంది.

ఎక్కువ సమయం తినేది ఈ ఫైలును షీటులోకి ఎక్కించడమే. ఖాళీల దగ్గర విడగొడితే నిలువు వరసలు జరిగిపోతాయి, ఎందుకంటే కొన్ని గళ్ళు కొన్ని వరసల్లో ఖాళీగా ఉంటాయి. స్థిర వెడల్పుతోనే విడగొట్టాలి. కొలవకుండా అంచనా వేసిన విలువల్లో దశాంశ బిందువు స్థానంలో హ్యాష్ గుర్తు ఉంటుంది. ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, లెక్కలో ఆ గడి పనికిరాదు. హ్యాష్‌ను బిందువుగా మార్చండి, కానీ ముందు పక్క గడిలో "అంచనా" అని గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు పోతే ఏది కొలత, ఏది ఊహ అన్నది ఇక తెలియదు.

తర్వాత న్యూట్రాన్ విడదీత శక్తి, అంటే కేంద్రకం నుంచి ఒక న్యూట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తి. ఒక న్యూట్రాన్ తక్కువున్న ఐసోటోపు ద్రవ్యరాశి ఆధిక్యతకు (పట్టికలో ద్రవ్యరాశిని శక్తి కొలతలో ఇచ్చే విలువ) న్యూట్రాన్‌ది 8071.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కలిపి, అసలు ఐసోటోపుది తీసేయాలి. అయితే ఒక్క న్యూట్రాన్ విలువ సరి, బేసిలను బట్టి పైకీ కిందికీ ఊగుతుంది, దాన్ని నమ్మితే దారి లేనిచోట ఆగినట్టు కనిపిస్తుంది. రెండు న్యూట్రాన్లను విడదీసే శక్తిలో సగం తీసుకోండి.

దాన్ని ఒక హద్దుతో పోల్చాలి, తర్వాతి ఐసోటోపు విలువ దీనికంటే తక్కువైతే దారి అక్కడ ఆగుతుంది. ఆ హద్దు: ఉష్ణోగ్రతను (వంద కోట్ల కెల్విన్లలో) 5.04తో భాగించి, (34.075 − ఘన సెంటీమీటరుకు న్యూట్రాన్ సాంద్రత లాగ్ (పది ఆధారంగా) + 1.5 × లాగ్ ఉష్ణోగ్రత)తో హెచ్చించాలి. ఉష్ణోగ్రత 1.5, ఘన సెంటీమీటరుకు 10²⁴ న్యూట్రాన్లు అయితే 3.08 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. సాంద్రతను ఘన మీటరుకు వేస్తే అదే 1.29కి పడిపోతుంది. పిల్లలకు మొదట తప్పేది ఇక్కడే.

కాడ్మియం వరస చూడండి. కాడ్మియం-130లో 82 న్యూట్రాన్లు. దాని రెండు న్యూట్రాన్ల శక్తిలో సగం 5.0 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, కాడ్మియం-132ది సుమారు 2.7. హద్దు 3.08 కాబట్టి ప్రవాహం 130 దగ్గర ఆగి బీటా క్షయం కోసం కాచుకుంటుంది. సాంద్రత మార్చకుండా ఉష్ణోగ్రత 1.0కి తగ్గిస్తే హద్దు 2.0 అవుతుంది, 132 కూడా దాటేస్తుంది. దారి ప్రకృతిలో గీసి పెట్టిన గీత కాదని పిల్లలకు ఒక్క గడి మార్చి చూపించవచ్చు, నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఆగిన చోట పోగయ్యే పరిమాణం అర్ధాయువును బట్టి ఉంటుంది. కాడ్మియం-130 అర్ధాయువు ఒకప్పుడు 162 మిల్లీసెకన్లు అనుకున్నారు, కొత్త కొలత 127. స్థిర ప్రవాహంలో (వచ్చేదీ పోయేదీ సమానంగా ఉన్నప్పుడు) దాని వాటా ఇరవై శాతం పైగా తగ్గినట్టే.

126 న్యూట్రాన్ల దగ్గరికి వచ్చేసరికి పట్టిక చేతులెత్తేస్తుంది. ప్లాటినం, బంగారం ఉన్న 195 శిఖరానికి (ద్రవ్యరాశి సంఖ్య 195 దగ్గర మూలకాలు ఎక్కువగా దొరికే చోటు) మూలం ఈ వరసే, ఇక్కడ థూలియం-195 లాంటివి కొలతలు లేనివి. సిద్ధాంత నమూనాలు ఊహించిన ద్రవ్యరాశులు పెట్టి లెక్క ముగించవచ్చు, కానీ ఒక్కో నమూనా ఒక్కో దారి చూపుతుంది.

ఆ ఖాళీ నింపే పని జపాన్‌లోని వాకోలో కిస్ అనే ఐసోటోపులను వేరుచేసే పరికరం చేస్తోంది. కేంద్రకాలను కలిపేస్తే న్యూట్రాన్లు ఆవిరైపోయి కావలసిన ఐసోటోపులు దక్కవు. అందుకే జినాన్-136 కిరణాన్ని ప్లాటినం-198 పలకకు తాకించి, రెండిటి మధ్య కొన్ని న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు) మార్పిడి అయ్యేలా చేస్తారు. పుట్టినవి ఆర్గాన్ వాయువులో ఆగుతాయి, లేజరు కావలసిన మూలకాన్ని మాత్రమే అయాన్ చేస్తుంది, అయస్కాంతం ద్రవ్యరాశిని ఎంచుతుంది. అక్కడే యురేనియం-238 కిరణంతో యురేనియం-241ను గుర్తించి 2023లో ప్రకటించారు, 19 ఐసోటోపుల ద్రవ్యరాశులు కొలిచారు. అలాంటి కొలత వచ్చినప్పుడల్లా షీటులో సంబంధిత "అంచనా" గుర్తు తీసేసి, విలువ మార్చి, ఆ వరస మళ్ళీ లెక్కించాలి.