సొరచేపల పుస్తకం కొనేముందు మొప్పలు లెక్కపెట్టండి

ఆరేడేళ్ల పిల్లలకు సొరచేప మీద ఉండే మోజు ఇంకే చేప మీదా ఉండదు. కూడబలుక్కుని చదివే పిల్లలు కూడా సొర బొమ్మ కనిపిస్తే పుస్తకం వదలరు. చదవడం అలవాటు చెయ్యడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు. చిక్కల్లా పుస్తకాలతోనే. పేజీకి రెండే వాక్యాలు కదా అని రాసేవాళ్లు అశ్రద్ధ చేస్తారు. ఆ రెండింట్లో ఒకటి తప్పయితే ఆ పేజీలో సగం తప్పే. విశాఖలో ఉన్న మనకు ఒక వెసులుబాటు ఉంది. పుస్తకంలో రాసింది నిజమో కాదో చేపల బజారుకు వెళ్లి చేప మీదే సరిచూసుకోవచ్చు. అలా సరిచూసుకోవడానికి వీలిచ్చే పుస్తకమే కొనమంటాను.

ముందు బొమ్మలు చూడండి. చదవడం ఇంకా పూర్తిగా రాని పిల్లలు సగం సంగతులు బొమ్మల్లోంచే పట్టుకుంటారు, కాబట్టి తప్పు బొమ్మ చేసే చెరుపు ఎక్కువ. సొరకు తల వెనక, రెండు పక్కలా నిలువు చీలికలు ఉంటాయి. మొప్పల్లోంచి నీరు బయటికి వచ్చే దారులవి. చాలా జాతులకు ఒక్కో పక్క ఐదు. ఆరు, ఏడు ఉన్నవీ కొన్ని ఉన్నాయి. మూడే గీతలు గీసి వదిలేశారంటే గీసినవాళ్లు చేపను చూడలేదనే అర్థం. తర్వాత తోక. సొర తోక నిలువుగా ఉంటుంది, అటూ ఇటూ ఊగుతుంది. తిమింగలానికీ డాల్ఫిన్‌కూ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందికీ ఆడుతుంది. సొరకు అడ్డతోక పెట్టిన పుస్తకాన్ని అక్కడే మూసెయ్యొచ్చు.

నోరు చాలా సొరలకు మూతి కింద ఉంటుంది, వేల్ షార్క్ అనే భారీ సొరకు మాత్రం మూతి చివరే ఉంటుంది. ఆ తేడా సరిగ్గా చూపించిన పుస్తకం మీద నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది. ఇంకొకటి, రంపం మూతి ఉన్న చేపను సొరల వరుసలో పెట్టేస్తుంటారు. మొప్పల చీలికలు పొట్టవైపు ఉంటే అది టేకు చేపల బంధువు, సొర కాదు. రంపం మూతి ఉన్న సొరలు వేరే ఉన్నాయి, వాటికి చీలికలు పక్కలే ఉంటాయి. అక్వేరియం షాపుల్లో షార్క్ అని అమ్మే వెండిరంగు చేపపిల్ల కూడా సొర కాదు. అది పంగాసియస్, అంటే మీసాలున్న ముళ్ల చేప. పిల్లల చేత మొప్పల చీలికలు వెతికిస్తే వాళ్లే తేల్చేస్తారు.

ఇక రాతలో దొర్లే తప్పులు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది 'సొరకు మెత్తటి ఎముకలు ఉంటాయి' అన్న వాక్యం. సొర ఒంట్లో ఎముకే లేదు, ఉన్నది మృదులాస్థి. ఆ మాట మొదటి పుస్తకంలో వద్దు. ఋత్వం, స్థ ఒత్తు రెండూ ఒకే చోట వస్తే పిల్లలు ఆగిపోతారు. 'సొరకు ఎముకలు లేవు. నీ చెవి పట్టుకో. వంచు. సొర లోపల అలాంటిదే ఉంది' అంటే సరిపోతుంది, పైగా నిజం. ఇక్కడ ఒక జాగ్రత్త: పట్టుకోవాల్సింది చెవి పై డొప్ప. కింద తమ్మెలో మృదులాస్థి ఉండదు, అక్కడ పట్టుకుంటే విషయం తలకిందులవుతుంది.

'ఈత ఆపితే సొర చచ్చిపోతుంది' అన్నది రెండో తప్పు. కొన్ని జాతులకు మాత్రమే అది వర్తిస్తుంది. నర్స్ షార్క్ లాంటివి అడుగున కదలకుండా పడుకుని ఉండి కూడా నోటితో నీరు లాగి మొప్పల మీదుగా వదులుతాయి. మూడోది, ఎప్పుడో అంతరించిపోయిన భారీ సొర మెగలొడాన్‌ను డైనోసార్ల పక్కన నిలబెట్టడం. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. మెగలొడాన్ వచ్చింది సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట. అవి ఒకదాన్నొకటి చూసే అవకాశమే లేదు. సొర కిలోమీటర్ల దూరం నుంచి ఒక్క రక్తపు చుక్కను పసిగడుతుందనేది కూడా అతిశయోక్తే. వాసన నీటితో పాటు కొట్టుకువచ్చి ముక్కును తాకాలి కదా.

ఈ తప్పుల్లో చాలావాటికి మందు ఒక చిన్న మాట: 'కొన్ని'. 'కొన్ని సొరలు గుడ్లు పెడతాయి. కొన్ని పిల్లల్ని కంటాయి.' చదవడం కష్టం కాలేదు, అబద్ధమూ లేదు. ప్రపంచంలో 500కు పైగా సొర జాతులున్నాయి. అన్నిటినీ కలిపి 'సొర ఇలా చేస్తుంది' అని రాసిన వాక్యాల్లో సగం ఏదో ఒక జాతి దగ్గర బోల్తా పడతాయి. పుస్తకం చేతిలోకి తీసుకోగానే 'కొన్ని', 'చాలా' అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి.

సరిచూడడానికి పాల సొర చాలు. ఫిషింగ్ హార్బర్‌లోనో మీ దగ్గరి చేపల బజారులోనో పొద్దున్నే దొరుకుతుంది, సాధారణంగా మీటరు లోపే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మరపడవలు కదలవు కాబట్టి ఆ రెండు నెలలు నమ్ముకోవద్దు. హార్బర్‌లో నేల జారుతుంది, పిల్లలకు పట్టు ఉన్న చెప్పులు వెయ్యండి. 'అక్కా, పాల సొర ఒకసారి చూపిస్తావా' అని అడిగి, కోయకముందే చూపించండి. చీలికలు లెక్కపెట్టించండి. వేలితో తల నుంచి తోకకు నిమిరితే నున్నగా జారుతుంది. తోక నుంచి తలకు నిమిరితే గరగరలాడుతుంది. చర్మం మీద కంటికి ఆనని పంటి లాంటి పొలుసులన్నీ తోకవైపు వాలి ఉంటాయి, అందుకు. నోరు తెరిపించి పళ్ల వెనక ఇంకో పళ్ల వరుస చూపించండి. ముందు పన్ను ఊడితే వెనకది ముందుకొస్తుంది. నోట్లో వేలు మాత్రం పెట్టనివ్వద్దు, చచ్చిన సొర పళ్లూ కోస్తాయి.

ఇంట్లో పాల సొర పిట్టు చేసుకుంటే పాఠం వంటింట్లో సాగుతుంది. పసుపు నీళ్లలో ఉడికించి తోలు తీసేటప్పుడు ముక్క విప్పి చూపించండి. సన్నని ముళ్లు తగలవు, నడుమ గుండ్రటి బిళ్లల వరుస ఒక్కటే ఉంటుంది. ఆ బిళ్లల్లోని వలయాలు లెక్కపెట్టి శాస్త్రవేత్తలు సొర వయసు అంచనా వేస్తారు. సొరను రాక్షసిలా చూపించే పుస్తకాలు మన పిల్లలకు అతకకపోవడానికి ఇదీ ఒక కారణం. ఇక్కడ బాలింతకు పెట్టే కూర అది. ప్రపంచం మొత్తమ్మీద ఏటా రెచ్చగొట్టకుండానే సొరలు మనుషుల్ని కరిచిన సంఘటనలు వందలోపే ఉంటాయి. మనుషులు చంపే సొరలు కోట్లలో. ఆర్కే బీచ్‌లో పిల్లలకు నేర్పాల్సిన భయం లోపలికి లాగేసే నీటి గురించి.

వేల్ షార్క్ పేజీ ఉన్న పుస్తకం దొరికితే వదలకండి. చేపలన్నిట్లోకీ పెద్దది, 12 మీటర్లకు పైగా పెరుగుతుంది, తినేది మాత్రం నీటిలో తేలే చిన్న చిన్న జీవులను. 2021 డిసెంబరులో మన తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే మత్స్యకారులు, అటవీ శాఖవాళ్లు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. 2001 నుంచి దీనికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఒంటి మీది చుక్కల అమరిక ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండదు, ఫొటో చూసి ఏ చేపో గుర్తుపడతారు. పుస్తకంలో పొడవు 40 అడుగులని ఉంటే పిల్లలకు ఏమీ అందదు. డాబా మీద చాక్‌పీసుతో 12 మీటర్ల గీత గీసి, పక్కనే పాల సొరకు ఒక మీటరు, డ్వార్ఫ్ లాంటర్న్ షార్క్‌కు 20 సెంటీమీటర్లు గీయండి. డాబా చాలకపోతే వీధిలో గీయండి.

ఇంగ్లీషులో చదివే పిల్లలకు సొర పుస్తకాలకు కొదవ లేదు, కానీ అట్ట మీది లెవెల్ అంకెను నమ్మొద్దు. ఒక ప్రచురణకర్త 1 అన్నది ఇంకొకరి దగ్గర 2 అవుతుంది. మధ్య పేజీ తెరిచి చదివించండి. ఐదు మాటల దగ్గర ఆగితే అది ఇప్పటికి మీరు చదివి వినిపించే పుస్తకం. విషయసూచిక, చివర మాటల పట్టిక, ఫొటోల కింద పేర్లు ఉన్నాయా అన్నది కూడా చూడండి. సమాచారం వెతుక్కోవడం పిల్లలకు అలవాటయ్యేది వాటితోనే.

తెలుగులో పరిస్థితి పలుచన. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, సముద్రం గురించినవి అక్కడ వెతకండి. సొర మీదే కావాలంటే మీరే చేసుకోవడం మేలు, ఒక ఆదివారం పని. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీలు. 1 అట్ట, 2 మీ పేర్లు, 3 నుంచి 14 వరకు విషయం, 15 మాటల పట్టిక, 16 వెనక అట్ట. పేజీకి రెండు వాక్యాలు, వాక్యానికి మూడు నాలుగు మాటలు. మొదట గుణింతాలతో నడిచే మాటలు రానివ్వండి: సొర, తోక, నోరు, చేప, వేట. తర్వాత రెక్క, మొప్ప, పిల్ల లాంటి ద్విత్వాలు. సముద్రం, చర్మం లాంటివి పేజీకి ఒకటి మించకూడదు. పిల్లలకు నోట్లో నానే మాట కాబట్టి 'సముద్రం' ఒత్తు ఉన్నా సాగిపోతుంది. 'షార్క్' అని రాయకండి, చివర ఆ ర్క్ దగ్గర ఆగిపోతారు.

అక్షరం 24 పాయింట్లకు తగ్గొద్దు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడి, మొదటిసారి చదివేవాళ్లకు అంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. ఒకటిన్నర రెట్లకు పైనే ఉంచండి. జిరాక్స్ షాపుకు వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ తీసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంటు లేకపోతే వరుసలు చెదిరిపోతాయి. రెండు వైపులా ప్రింటుకు కాగితం పొట్టి అంచు మీద తిప్పమని చెప్పాలి, లేదంటే వెనక పేజీలు తలకిందులుగా వస్తాయి. పై కాగితం మీద ఎడమన 16, కుడిన 1, దాని వెనక 2, 15 రావాలి. తర్వాతి కాగితం 14, 3, వెనక 4, 13. మూడోది 12, 5, వెనక 6, 11. లోపలిది 10, 7, వెనక 8, 9. ఏ కాగితమైనా ఒకే వైపున్న రెండు అంకెలు కలిపితే 17 వస్తుంది, రాకపోతే ఎక్కడో తారుమారైనట్టే. 100 జీఎస్ఎం కాగితమైతే వెనక రంగు ముందుకు కనిపించదు. మామూలు స్టేప్లరు నడుమ దాకా అందదు. మడత మీద మూడు బెజ్జాలు చేసి, నడిమి దాంట్లోంచి దారం మొదలుపెట్టి అక్కడే ముడి వెయ్యండి.

చదవడం అయ్యాక 'ఏం నేర్చుకున్నావు' అని అడగకండి. 'సొరకు ఎముకలు లేవని ఏ పేజీలో ఉంది, చూపించు' అనండి. పేజీ తిప్పి, వేలు పెట్టి, ఆ వాక్యం మళ్లీ చదివితే, తర్వాతి పుస్తకం ఒక స్థాయి పైది తీసుకోవచ్చు. బొమ్మను చూసి పేజీ పట్టుకుని, వాక్యం మాత్రం జ్ఞాపకం మీద చెబుతుంటే ఇంకో రెండు వారాలు ఇదే స్థాయిలో ఉంచండి.