ఆ అంకె ఎవరు చెప్పారు?

ఈ ఏడాది డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు నేను ఇచ్చిన ప్రాజెక్టు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. రోజూ బస్సులో దాటే నది కాబట్టి హైదరాబాద్ పిల్లలకు ఆసక్తి పుడుతుందనుకున్నాను, పుట్టింది కూడా. అయితే మొదటి వారం తెచ్చిన కాగితాల్లో మృతుల సంఖ్య ఒకరి దగ్గర 15,000 ఉంటే, మరొకరి దగ్గర 50,000 ఉంది. ఏది సరైనదని నన్నే అడిగారు. నేను తీర్పు చెప్పకుండా, ఆ అంకె తమకు ఎక్కడ దొరికిందో, అక్కడ రాసినవారికి ఎవరు చెప్పారో కనుక్కొని రమ్మన్నాను.

మర్నాడు ఒక అమ్మాయి మూడు వ్యాసాలు ప్రింటు తీసుకొచ్చి, "మూడు చోట్లా ఇదే ఉంది మేడమ్, నిజమే అయి ఉండాలి" అంది. వాటిని బల్ల మీద పక్కపక్కనే పరిచి, వరుసగా చదవమన్నాను. రెండో పేరా దగ్గర ఆగింది. మూడింటిలోనూ వాక్యాల వరుస ఒకటే, అఫ్జల్‌గంజ్ పేరులో ఎగిరిపోయిన అక్షరం కూడా ఒకటే. దాని కింద పెన్సిలుతో గీత గీసి, "ఇవి మూడు కావు మేడమ్, ఒకటే" అంది. ఆ మాట నేనే చెప్పి ఉంటే నోట్సులో రాసుకొని మరిచిపోయేవారు.

ఇదివరకు నేనూ రచయిత పేరుందా, తేదీ ఉందా అంటూ ఒక పట్టిక ఇచ్చేదాన్ని. పిల్లలు అన్నిటికీ టిక్కులు పెట్టి తెచ్చేవారు. ఇప్పుడు ఒకే ప్రశ్న అడగమంటున్నాను: ఈ సంగతి ఈయనకు ఎలా తెలిసింది? వరద తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఉస్మాన్‌సాగర్ కట్టించారని ఒక వ్యాసంలో ఉంది. దానికి రచయిత పేరుంది, ఫోటో ఉంది, తాజా తేదీ ఉంది. కానీ ఆరో నిజాం 1911లోనే మరణించారు. 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలు కట్టాలని సూచించిన మాట నిజమే అయినా, ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, ఏడో నిజాం కాలంలో. రెండు తేదీలు పక్కన పెట్టి చూస్తే చాలు, పొరపాటు బయటపడుతుంది.

వెతకడం ఇంతకంటే కష్టం. హైదరాబాద్ వరద అని టైపు చేస్తే 2020 అక్టోబరు వార్తలు ముందుకు వస్తాయి. ఆనాటివారు ఏ మాట వాడారో ఆ మాటతో వెతకాలని చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. పాతబస్తీ పెద్దలకు అది తుగ్యానీ. నిజాం ప్రభుత్వ కాగితాల భాష ఉర్దూ, వాటి మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి నెలను బట్టి 590 గానీ 591 గానీ కలిపితేనే మన సంవత్సరం వస్తుంది, కనుక ఆ సెప్టెంబరు 1317 ఫసలీ కిందికి వస్తుంది. ఇది తెలియకపోతే తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్‌కు) వెళ్లినా ఏ ఫైలు అడగాలో తెలియదు. అందుకే జట్లు మార్చి, ఒక్కో జట్టులో ఉర్దూ చదవగలిగిన విద్యార్థి ఒకరు ఉండేలా చూశాను. అంతవరకు వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న ఇద్దరి చుట్టూ ఇప్పుడు మిగతావారు చేరుతున్నారు, నాకు అది ఎంతో తృప్తిగా ఉంది.

శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని చివరి పేజీల నుంచి తెరవమంటాను, ఎందుకంటే అక్కడి ఆధార గ్రంథాల పట్టిక పట్టుకొని అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లవచ్చు. కృత్రిమ మేధ చెప్పిన పుస్తకాల పేర్లనూ అదే కేటలాగులో వెతికి, దొరికినవే రాయమన్నాను.

పెన్సిలు గీత గీసిన ఆ అమ్మాయి తన నివేదికలో మృతుల సంఖ్య దగ్గర రెండు అంకెలూ ఇచ్చి, ఒక్కోదాన్ని తాను ఎంత వెనక్కి పట్టుకోగలిగిందో, ఎక్కడ దారి ఆగిపోయిందో నాలుగు వాక్యాల్లో రాసింది. ఆ నాలుగు వాక్యాలనూ మిగతా జట్లకు చదివి వినిపించాను.