హెడ్‌స్కేల్ సర్వర్ పెట్టిన రోజు

ఇవాళ్టి పని ముందే అనుకున్నదే. రెండు లినక్స్ సర్వర్లు, ఒక లాప్‌టాప్, ఒక ఫోన్, ఇంట్లో నడిచే చిన్న బోర్డు. ఈ ఐదింటినీ ఒకే ప్రైవేట్ మెష్ వీపీఎన్‌లోకి, అంటే ప్రతిదీ ప్రతిదానితో గుట్టుగా మాట్లాడుకునే సొంత నెట్‌వర్క్‌లోకి తేవాలి. మిషన్లను ఒకదానికొకటి పరిచయం చేసే కంట్రోల్ సర్వర్‌గా హెడ్‌స్కేల్, ప్రతి మిషన్‌లో దానితో మాట్లాడే టెయిల్‌స్కేల్ క్లయింట్, అన్నిటి అడుగున డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి మోసే వైర్‌గార్డ్.

ఉత్త వైర్‌గార్డ్‌తోనూ చేయొచ్చు. 2020లో వచ్చిన 5.6 కర్నెల్ నుంచి అది లినక్స్‌లోనే ఉంది, రెండు మూడు మిషన్లకైతే అదే హాయి. కానీ ప్రతిదీ ప్రతిదానితో నేరుగా మాట్లాడాలంటే ఐదింటికి 10 టన్నెళ్లు (రెండు మిషన్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన దారులు) కావాలి, పదింటికి 45. కొత్త మిషన్ చేరినప్పుడల్లా మిగతా అన్నిటి కాన్ఫిగ్‌లో దాని పబ్లిక్ కీ (దాన్ని గుర్తుపట్టే తాళం) రాయాలి. పైగా రెండూ రౌటర్ల వెనకే ఉంటే ఒకదాని అడ్రస్ ఇంకోదానికి తెలిసే దారే ఉండదు. హెడ్‌స్కేల్ చేసి పెట్టేది ఇదే: ఎవరి కీ ఏది, ఎవరు ఏ అడ్రస్‌లో ఉన్నారు అన్నది అందరికీ చెప్పి పక్కకు తప్పుకుంటుంది. డేటా దాని గుండా పోదు. ఏది పని చేయకపోయినా నేను ముందు వేసుకునే ప్రశ్న కూడా ఇక్కడిదే: తెగింది కంట్రోల్ దారా, డేటా దారా?

డెబ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడానికి ఎంతోసేపు పట్టదు. అసలు శ్రద్ధంతా కాన్ఫిగ్ ఫైల్ మీద పెట్టాలి. సర్వర్ యూఆర్ఎల్‌లో రాసే పేరు, మ్యాజిక్ డీఎన్ఎస్ (మెష్‌లోని మిషన్లను పేరుతో పిలిచే ఏర్పాటు) కోసం ఇచ్చే బేస్ డొమైన్ వేర్వేరుగా ఉండాలి. సర్వర్ పేరు ఆ బేస్ డొమైన్ కిందికి రాకూడదు. వస్తే క్లయింట్లు కంట్రోల్ సర్వర్ పేరును కూడా మెష్ లోపలే వెతుకుతాయి, దొరకదు. హెడ్‌స్కేల్‌కి ముందు ప్రాక్సీగా ఎన్‌జిన్ఎక్స్ (బయటి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టి 443 పోర్ట్ ఇచ్చాను, వెనక హెడ్‌స్కేల్ 127.0.0.1లో 8080 మీద వింటుంది. ప్రాక్సీలో హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అని రాసి, అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను వెనకున్న హెడ్‌స్కేల్‌కి పంపించాలి. అవి లేకపోతే బ్రౌజర్‌లో పేజీ చక్కగా తెరుచుకుంటుంది గానీ క్లయింట్ మాత్రం లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. ఇది కంట్రోల్ దారి తెగిన లక్షణం.

యూజర్‌ని చేసి, ప్రీఆథ్ కీ (మిషన్‌ని మెష్‌లో చేర్చడానికి ముందే తీసుకునే కీ) తీయాలి. కొత్త వెర్షన్లు ఇక్కడ యూజర్ పేరు తీసుకోవు, ఐడీ నంబరు అడుగుతాయి. యూజర్స్ లిస్ట్ కొడితే అది కనిపిస్తుంది. మామూలుగా ఆ కీ గంటసేపే చెల్లుతుంది, ఒక్కసారే పనికొస్తుంది. అలాగే ఉంచడం మంచిది, మిషన్‌కో కీ తీసుకోవడం పెద్ద శ్రమ కాదు. క్లయింట్ వైపు టెయిల్‌స్కేల్ అప్ కమాండ్‌కి లాగిన్ సర్వర్, ఆథ్ కీ ఇస్తే చాలు, 100.64.0.0/10లోంచి ఒక అడ్రస్ వస్తుంది. తర్వాత ఏదైనా ఆప్షన్ మార్చాలంటే అప్ బదులు సెట్ వాడాలి. అప్‌కి పాత ఆప్షన్లన్నీ మళ్లీ చెప్పకపోతే ఒప్పుకోదు.

మధ్యాహ్నమంతా డేటా దారి మీదే. ఇక్కడ టెయిల్‌స్కేల్ పింగ్‌ని (అవతలి మిషన్‌కి ఏ దారిలో చేరుతున్నామో చెప్పే కమాండ్) మించిన పనిముట్టు లేదు. లాప్‌టాప్ నుంచి సర్వర్‌కి కొడితే మొదటి జవాబులో ‘వయా డెర్ప్’ అని వచ్చింది, అంటే మధ్యలో డేటా అందించే రిలే సర్వర్ గుండా. రెండో జవాబులో అసలు ఐపీ, పక్కన టెయిల్‌స్కేల్ పోర్ట్ 41641. అంటే నేరుగా దారి దొరికింది. మొదట రిలే కనిపించడం సహజమే, దానికి కంగారు పడక్కర్లేదు. ఎంతసేపు చూసినా డెర్ప్ అనే వస్తుంటే మాత్రం సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 41641 తెరిచి ఉందో లేదో చూడాలి. క్లౌడ్ సర్వర్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అదీ చూడాలి. రెండు వైపులా రౌటర్లే అయితే టెయిల్‌స్కేల్ నెట్‌చెక్ కమాండ్ కొట్టి ‘మ్యాపింగ్ వేరీస్ బై డెస్ట్ ఐపీ’ అన్న వరస చదవాలి. అది రెండు చోట్లా ట్రూ అయితే రౌటర్ గమ్యానికో పోర్ట్ మారుస్తోందన్నమాట. సాధారణంగా ఇక రిలేనే గతి. రిలేలో పోయినా లోపలి ఎన్‌క్రిప్షన్ రెండు కొసల మధ్యే ఉంటుంది కాబట్టి రిలే నడిపేవాళ్లు చదవలేరు. వేగం తగ్గుతుంది, అంతే. హెడ్‌స్కేల్ మామూలుగా టెయిల్‌స్కేల్ వాళ్ల పబ్లిక్ రిలేలనే వాడుతుంది. మన సొంతది కావాలంటే కాన్ఫిగ్‌లో ఎంబెడెడ్ డెర్ప్ ఆన్ చేసి యూడీపీ 3478 కూడా తెరవాలి.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చన్న హద్దు) సంగతి కూడా ఇక్కడే. పింగ్ బాగానే వెళ్తుంది, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మాత్రం కీ ఎక్స్‌చేంజ్ దగ్గర బిగుసుకుపోతుంది. ఈ లక్షణం కనబడితే ఎంటీయూనే అనుమానించాలి. వైర్‌గార్డ్ తన డిఫాల్ట్ 1420ని 1500లోంచి 80 బైట్లు తీసి పెట్టుకుంది. టెయిల్‌స్కేల్ ఇంకా జాగ్రత్తపడి, ఐపీవీ6 కనీస హద్దు 1280నే తీసుకుంది. పింగ్‌కి ‘ముక్కలు చేయొద్దు’ అని చెప్పి, సైజ్ 1252 ఇచ్చి చూడాలి. హెడర్ల 28 కలిపితే సరిగ్గా 1280. ఆ పింగ్ అవతలికి చేరితే ఎంటీయూ తప్పు కాదు.

ఫైర్‌వాల్ విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. టెయిల్‌స్కేల్ లినక్స్‌లో తన సొంత చెయిన్ (ఫైర్‌వాల్ రూల్స్ వరస) పెట్టి, మెష్ నుంచి వచ్చేదాన్ని యూఎఫ్‌డబ్ల్యూ (సర్వర్‌లోని మామూలు ఫైర్‌వాల్ పనిముట్టు) రూల్స్ కంటే ముందే లోపలికి వదిలేస్తుంది. కాబట్టి మెష్ లోపల ఎవరు ఏ పోర్ట్‌కి వెళ్లొచ్చో యూఎఫ్‌డబ్ల్యూలో రాసి ఊరుకుంటే అడ్డుపడదు. హెడ్‌స్కేల్ పాలసీ ఫైల్‌లో రాయాలి. పాలసీ అంటూ లేకపోతే అందరికీ అన్నీ తెరిచే ఉంటాయి. ఫోన్‌కి ఒక్క వెబ్ పోర్ట్, లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌హెచ్ కూడా అని ఇవాళే రాసేశాను. అదే చెయిన్ ఇంకో పని కూడా చేస్తుంది: వేరే ఇంటర్‌ఫేస్ మీద 100.64 రేంజ్ నుంచి వచ్చే ప్యాకెట్లను పారేస్తుంది. సర్వర్ వాడే డీఎన్ఎస్ రిజాల్వర్ (పేర్లను అడ్రస్‌లుగా మార్చేది) ఆ రేంజ్‌లోనే ఉంటే క్లయింట్ ఎక్కించిన క్షణం నుంచి పేర్లు పలకవు. అందుకే ఇన్‌స్టాల్‌కి ముందే రిజాల్వర్ అడ్రస్ చూసుకోవాలి.

పబ్లిక్ ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ మూసేటప్పుడు పాత సెషన్ తెరిచే ఉంచి, కొత్త టెర్మినల్‌లో మెష్ అడ్రస్‌తో లోపలికి వెళ్లి చూశాకే మూశాను. ఎస్ఎస్‌హెచ్ డీమన్‌ని (వెనక నడిచే సర్వీస్‌ని) మెష్ అడ్రస్‌కి కట్టేయడం నాకు నచ్చదు. రీబూట్‌లో ఆ అడ్రస్ రాకముందే డీమన్ లేస్తే బైండ్ అవక ఆగిపోవచ్చు, సర్వర్ బయటే ఉండిపోతాం. అన్ని అడ్రస్‌ల మీదా విననిచ్చి, బయటి పోర్ట్‌ని ఫైర్‌వాల్‌లో మూయడమే క్షేమం.

సాయంత్రం కంట్రోల్ సర్వర్‌ని కావాలనే ఆపి చూశాను. ఉన్న టన్నెళ్లు చెక్కుచెదరకుండా నడిచాయి. ఆ సమయంలో అడ్రస్ మారిన మిషన్, కొత్తగా చేరే మిషన్ మాత్రమే ఇబ్బంది పడతాయి. అందుకని గంటసేపు పడిపోయినా గుండెలు బాదుకోనక్కర్లేదు గానీ డేటాబేస్ పోతే అన్ని మిషన్లనీ మళ్లీ రిజిస్టర్ చేయాలి. సర్వీస్ ఆపి, డేటాబేస్ ఉండే ఎస్‌క్యూలైట్ ఫైల్‌నీ పక్కనున్న నాయిస్ ప్రైవేట్ కీనీ (క్లయింట్లు సర్వర్‌ని గుర్తుపట్టడానికి పనికొచ్చే రహస్య కీ) కాపీ చేసి వేరే చోట పెట్టాను.

ఇక మిగిలింది చిన్న బోర్డు. దానికి బ్యాటరీతో నడిచే గడియారం లేదు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైం వెనక్కి వెళ్తుంది. టైం మరీ వెనకబడితే సర్టిఫికెట్ చెల్లదని కంట్రోల్ సర్వర్‌తో మాట్లాడదు. వైర్‌గార్డ్ కూడా హ్యాండ్‌షేక్‌లో పాత టైంస్టాంప్ కనిపిస్తే దాన్ని పక్కన పడేస్తుంది. రేపు టైం సింక్ అయ్యాకే టెయిల్‌స్కేల్ సర్వీస్ మొదలయ్యేలా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టేది) యూనిట్‌లో ఆఫ్టర్ వరస చేర్చి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టి చూడాలి.